పానిక్ మందుల సైడ్ ఎఫెక్టులు: ఏది ఓర్చుకోవచ్చు, ఏది మార్చుకోవాలి, దేనికి ఆసుపత్రికి పరుగెత్తాలి

పానిక్ ఎటాక్‌లకో, ఎడతెగని ఆందోళనకో మందు మొదలుపెట్టినవాళ్ళు చాలామంది మొదటి రెండు మూడు వారాల్లోనే వదిలేస్తుంటారు. అప్పటికి మందు పనిచెయ్యడం ఇంకా మొదలే కాదు. గుండె దడ, చేతుల వణుకు, చెమట, కడుపులో తిప్పడం, నిద్ర పట్టకపోవడం లాంటి తొలి ఇబ్బందులు అచ్చం జబ్బు లక్షణాల్లాగే ఉంటాయి. దాంతో "ఈ మందు నాకు పడలేదు, జబ్బు ఇంకా ముదిరింది" అనుకుంటారు. అసలే పానిక్ ఉన్న మనిషి తన ఒంట్లో ప్రతి చిన్న కదలికనీ కనిపెట్టుకుని ఉంటాడు. గుండె ఒక్కసారి గట్టిగా కొట్టుకుంటే చాలు, ఏదో అయిపోతోందనిపిస్తుంది. అలాంటివాళ్ళకి ఏం జరుగుతుందో, ఎన్నాళ్ళుంటుందో చెప్పకుండా చీటీ రాసి పంపెయ్యడం అన్యాయం.

ఈ జబ్బుకి ముందుగా రాసేవి ఎస్‌ఎస్‌ఆర్‌ఐ (మెదడులో సెరటోనిన్ అనే రసాయనాన్ని పెంచే) రకం మందులు: సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్, పరాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్. దాదాపు ఇదే పద్ధతిలో పనిచేసేవి వెన్లాఫాక్సిన్, డులాక్సెటిన్. వెంటనే తగ్గడానికి ఇచ్చేవి క్లోనజెపామ్, ఆల్ప్రజోలామ్ లాంటి బెంజోడయాజిపైన్లు. దడ, వణుకు తగ్గడానికి ప్రొప్రనోలాల్ ఇస్తారు. కింద చాలాచోట్ల మోతాదులు రాశాను. అవి మీరు డాక్టరుతో వివరంగా మాట్లాడుకోవడానికే. చీటీలో ఉన్న మోతాదుని సొంతంగా పెంచడం, తగ్గించడం చెయ్యకండి.

మొదటి రెండు వారాలు

మాత్ర వేసుకున్న కొన్ని గంటల్లోనే మెదడులో నరాల కణాల మధ్య సెరటోనిన్ పెరుగుతుంది. ఆ పెరుగుదలకి కణాలు అలవాటుపడి సర్దుకోవడానికి మాత్రం వారాలు పడుతుంది. ఇబ్బంది పెట్టేది తొలి పెరుగుదల, మేలు చేసేది ఆ తరవాతి సర్దుబాటు. అందుకే ముందు కష్టం కనిపించి, సుఖం ఆలస్యంగా వస్తుంది. రెండు నుంచి నాలుగు వారాల్లో మార్పు తెలియడం మొదలవుతుంది, పానిక్ బాగా అదుపులోకి రావడానికి 8 నుంచి 12 వారాలు పట్టవచ్చు. ఒంట్లో ఉన్న సెరటోనిన్‌లో 90 శాతం దాకా ఉండేది పేగుల్లో. మొదటి దెబ్బ కడుపు మీద పడేది అందుకే.

పానిక్‌కి మందు తక్కువతో మొదలుపెట్టాలన్న నియమం ఈ తొలి గాభరా వల్లే వచ్చింది. సెర్ట్రలిన్ రోజుకి 25 మి.గ్రా.తో మొదలుపెట్టి వారం తరవాత 50కి పెంచుతారు. ఎస్సిటలోప్రామ్ 5తో మొదలై వారం తరవాత రోజుకి 10 అవుతుంది. పరాక్సెటిన్, ఫ్లూఆక్సెటిన్ 10తోనూ, నెమ్మదిగా విడుదలయ్యే వెన్లాఫాక్సిన్ 37.5తోనూ మొదలవుతాయి. ఇవన్నీ డిప్రెషన్‌కి మామూలుగా మొదలుపెట్టే మోతాదులో సగం. చీటీలో పూర్తి మోతాదు ఉండి, రెండో రోజుకే కాలు ఒక చోట నిలవనంత గాభరాగా ఉంటే, మందు మార్చమని అడిగేలోపు "సగంతో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచవచ్చా?" అని అడిగి చూడండి. చాలాసార్లు మందు తప్పు కాదు, వేగం తప్పు. మధ్యలో గీత ఉన్న మామూలు మాత్రల్ని టాబ్లెట్ కట్టర్‌తో సగం చేసుకోవచ్చు. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రల్ని విరవకూడదు, నూరకూడదు, నమలకూడదు. అలా చేస్తే రోజంతా కొద్దికొద్దిగా దిగాల్సిన మందు ఒక్కసారే దిగిపోతుంది. వెన్లాఫాక్సిన్ కాప్సూల్ మింగలేనివాళ్ళు దాన్ని విప్పి, లోపలి పూసల్ని ఒక చెంచా మెత్తటి చల్లని ఆహారం మీద చల్లుకుని, నమలకుండా వెంటనే మింగి నీళ్ళు తాగవచ్చు.

ఇప్పుడు అసలు ప్రశ్న. ఈ దడ మందుదా, పానిక్‌దా? పానిక్ ఎటాక్ ఉప్పెనలా లేచి సాధారణంగా పది నిమిషాల్లో తారస్థాయికి చేరుతుంది, అరగంటలోపు చాలావరకు దిగిపోతుంది. మందు తెచ్చే గాభరా అలా ఎగసిపడదు. సన్నగా మొదలై గంటల తరబడి అదే స్థాయిలో ఉంటుంది, మాత్ర వేసుకున్న టైముతో లంకె ఉంటుంది. సెర్ట్రలిన్ సుమారు 4 నుంచి 8 గంటలకి, ఎస్సిటలోప్రామ్ సుమారు 5 గంటలకి రక్తంలో ఎక్కువ స్థాయికి చేరతాయి. రోజూ పొద్దున ఎనిమిదికి మాత్ర వేసుకుని మధ్యాహ్నం ఒంటిగంట ప్రాంతంలో ఒళ్ళంతా జలదరింపు, దడ అనిపిస్తుంటే అది మందు నడక అనుకోవచ్చు. ఈ సంగతి తెలిసినవాళ్ళకి ఆ గంట గడపడం తేలిక. తెలియనివాళ్ళు ఆ దడని చూసి భయపడతారు, ఆ భయం నిజమైన ఎటాక్‌ని లేపుతుంది.

కాబట్టి ఒక చిన్న నోటుబుక్కు పెట్టుకోండి. రోజుకి ఒక వరుస చాలు: మాత్ర వేసుకున్న టైము, ఎన్ని మి.గ్రా., ఇబ్బంది ఏమిటి, మొదలైన టైము, ఎంతసేపుంది, సున్నా నుంచి పది వరకు ఎంత తీవ్రంగా ఉంది, అంతకుముందు రాత్రి ఎన్ని గంటలు నిద్రపోయారు, కాఫీ, టీ ఎన్ని కప్పులు. మందు మొదలుపెట్టకముందు మూడు నాలుగు రోజులు కూడా ఇదే రాసుకుంటే ఇంకా మంచిది. సైడ్ ఎఫెక్టు అని అనుకున్నవాటిలో కొన్ని మందుకి ముందునుంచే ఉన్నాయని అప్పుడు తెలుస్తుంది. డాక్టరు దగ్గర "ఏదోలా ఉందండీ" అనేదానికీ, "మాత్ర వేసుకున్న అయిదు గంటలకి మొదలై మూడు గంటలుంటోంది, మొదటి వారం ఏడు, ఇప్పుడు నాలుగు" అనేదానికీ చాలా తేడా ఉంది. రెండోది విన్న డాక్టరు వెంటనే ఒక నిర్ణయం తీసుకోగలడు.

ఈ రెండు వారాలు కాఫీ, టీ, ఎనర్జీ డ్రింకులు బాగా తగ్గించండి. పానిక్ ఉన్నవాళ్ళకి కెఫీన్ మామూలుగానే పడదు, మందు తొలి గాభరా మీద అది తోడైతే ఏది ఎవరి పనో తెలియదు. రోజుకి అయిదారు కప్పులు తాగేవాళ్ళు మాత్రం ఒక్కసారే మానకండి, తలనొప్పి పట్టుకుంటుంది. మందు మొదలుపెట్టే ముందు వారం నుంచి రోజుకి ఒక కప్పు చొప్పున తగ్గించుకుంటూ రండి. ఫ్లూవాక్సమిన్ అనే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ వాడుతుంటే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. కెఫీన్‌ని కరిగించే కాలేయ ఎంజైముని అది అడ్డుకుంటుంది, ఒక కప్పే చాలా కప్పుల పని చేస్తుంది.

ఈ గాభరాలో ఒక రకాన్ని మాత్రం ఓర్చుకోమని ఎవరు చెప్పినా వినకండి. ఒక్క చోట కూర్చోలేకపోవడం, కాళ్ళు కదుపుతూనే ఉండాలనిపించడం, లోపల్నుంచి ఎవరో తోస్తున్నట్టు గదిలో అటూ ఇటూ తిరగడం, "ఇంతకంటే చావు నయం" అనిపించేంత అసహనం. దీన్ని అకతీసియా అంటారు. పానిక్‌లో భయం ముందు, కదలిక తరవాత. ఇందులో కదలాలన్న ఒత్తిడే అసలు బాధ. ఇది కనిపించిన రోజే డాక్టరుకి ఫోన్ చెయ్యాలి, వారం తరవాత అపాయింట్‌మెంట్ ఉందిలే అని ఆగకూడదు. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో, ప్రొప్రనోలాల్ లాంటిది జోడించడమో వాళ్ళు చేస్తారు.

కడుపు, నిద్ర, తలనొప్పి

వికారం ఎక్కువమందికి ఒకటి రెండు వారాల్లో సర్దుకుంటుంది. పరగడుపున కాకుండా ఏదైనా తిన్న వెంటనే మాత్ర వేసుకోండి. మూడు పెద్ద భోజనాల బదులు అయిదారుసార్లు కొంచెం కొంచెం తినండి, నూనె, మసాలా తగ్గించండి. అల్లం చాలామందికి పనిచేస్తుంది. వికారమే ప్రధాన బాధ అయి, నిద్రకి ఇబ్బంది లేకపోతే మాత్రని రాత్రి భోజనం తరవాతకి మార్చుకోవచ్చు. మందు ఎక్కువ స్థాయికి చేరే గంటలు నిద్రలో గడిచిపోతాయి. వికారానికి ఇంట్లో ఉన్న డోంపెరిడోన్, ఆండాన్‌సెట్రాన్ సొంతంగా వేసుకోకండి. ఎస్సిటలోప్రామ్, సిటలోప్రామ్‌లాగే అవి కూడా గుండె లయ మీద ఒకే వైపు పనిచేస్తాయి. మెటోక్లోప్రమైడ్ ఇంకో దారిలో పైన చెప్పిన అకతీసియాని తెచ్చిపెట్టగలదు. విరేచనాలు సెర్ట్రలిన్‌తో ఎక్కువ, మలబద్ధకం పరాక్సెటిన్‌తో ఎక్కువ. వారం దాటినా విరేచనాలు ఆగకపోతే మోతాదు గురించి అడగండి.

నిద్ర విషయంలో సూత్రం చిన్నదే. నిద్ర చెడితే మాత్ర పొద్దున, మగత వస్తే రాత్రి. మందు పేరు చూసి ముందే నిర్ణయించలేం, ఒకే ఎస్సిటలోప్రామ్ ఒకరిని నిద్రపుచ్చుతుంది, ఇంకొకరిని తెల్లవార్లూ మేలుకోబెడుతుంది. మొత్తం మీద ఫ్లూఆక్సెటిన్ ఉత్తేజపరిచే వైపు, పరాక్సెటిన్ మగత వైపు మొగ్గుతాయి. సెర్ట్రలిన్, ఎస్సిటలోప్రామ్ లాంటివాటిని రాత్రి నుంచి పొద్దుటికి మార్చేటప్పుడు ఆ రాత్రి డోసు ఆపి మర్నాడు ఉదయం వేసుకుంటే సరిపోతుంది, రెండూ వేసుకోవద్దు. కలలు మరీ స్పష్టంగా, సినిమా చూసినట్టు రావడం మామూలే, అది ప్రమాదం కాదు.

తలనొప్పి కూడా మొదటి వారం పదిరోజుల ముచ్చటే. కానీ దానికి ఏ మాత్ర వేసుకుంటున్నారన్నది చూసుకోవాలి. పారాసెటమాల్ ఫరవాలేదు. ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, న్యాప్రాక్సెన్, ఆస్పిరిన్ లాంటివి ఎస్‌ఎస్‌ఆర్‌ఐతో కలిస్తే కడుపులో, పేగుల్లో రక్తస్రావం అయ్యే ముప్పు పెరుగుతుంది. రక్తం గడ్డకట్టించే ప్లేట్‌లెట్లకి సెరటోనిన్ కావాలి. వాటికి అది అందే దారినే ఈ మందులు మూసేస్తాయి, పైగా నొప్పి మాత్రలు కడుపు పొరని దెబ్బతీస్తాయి. కీళ్ళనొప్పులకి రోజూ అలాంటి మాత్ర వాడేవాళ్ళు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్ళు, గతంలో అల్సర్ ఉన్నవాళ్ళు ఈ సంగతి ముందే చెప్పాలి. కడుపుకి రక్షణగా ఒమెప్రజోల్ రాస్తే ఇంకో మెలిక ఉంది. అది ఎస్సిటలోప్రామ్, సిటలోప్రామ్ స్థాయిని పెంచుతుంది, మోతాదు దానికి తగ్గట్టు చూసుకోవాలి. పన్ను తీయించుకునే ముందు, ఆపరేషన్‌కి ముందు ఈ మందు వాడుతున్నట్టు చెప్పండి. మలం తారులా నల్లగా వస్తే అది ఎమర్జెన్సీ.

చెమటలు, అకారణంగా ఆవులింతలు, నోరు ఎండిపోవడం, నిద్రలో పళ్ళు కొరకడం కూడా ఈ మందుల పనే. పళ్ళు కొరకడాన్ని చాలామంది గుర్తించరు. పొద్దున్నే దవడ నొప్పి, కణతల దగ్గర తలనొప్పి ఉంటే అనుమానించండి. దంతవైద్యుడు చేసిచ్చే నైట్ గార్డు పళ్ళని కాపాడుతుంది, మోతాదు తగ్గించడమో, ఆందోళనకి వాడే బుస్పిరోన్ అనే ఇంకో మందు జోడించడమో మూలాన్ని తగ్గించవచ్చు. నోరు ఎండితే చక్కెర లేని చూయింగ్ గమ్, మాటిమాటికీ గుక్కెడు నీళ్ళు.

డాక్టరు అడగని, మనం చెప్పని సంగతి

కోరిక తగ్గడం, స్ఖలనం బాగా ఆలస్యం కావడం, భావప్రాప్తి కలగకపోవడం, అంగస్తంభన సమస్య. ఇవి ఎస్‌ఎస్‌ఆర్‌ఐలతో చాలా మామూలు, ఆడవాళ్ళకీ మగవాళ్ళకీ ఇద్దరికీ. వికారంలా రెండు వారాల్లో వాటంతటవే పోతాయని నమ్మకం లేదు. కొందరికి కొన్ని నెలల్లో తగ్గుతాయి, ఎక్కువమందికి మందు ఉన్నంతకాలం ఉంటాయి. చెప్పుకోవడానికి మొహమాటపడి, భార్యాభర్తల మధ్య అపార్థాలు పెంచుకుని, చివరికి ఎవరికీ చెప్పకుండా మందు ఆపేసేవాళ్ళు కోకొల్లలు. డాక్టరు గదిలో ఒక్క వాక్యం చాలు: "మందు మొదలుపెట్టాక దాంపత్యంలో ఇబ్బందిగా ఉంది, ఏం చెయ్యవచ్చు?" ఈ మాట వాళ్ళకి కొత్త కాదు. నోట రాకపోతే కాగితం మీద రాసి ఇవ్వండి.

చెయ్యగలిగినవి చాలానే ఉన్నాయి. పానిక్ అదుపులో ఉన్నంతవరకు మోతాదుని తగ్గించి చూడవచ్చు. ఈ ఇబ్బంది తక్కువగా ఉండే మిర్టజపిన్ లాంటిదానికి మార్చవచ్చు, అయితే దానితో ఆకలి, బరువు పెరుగుతాయి. బుప్రొపియాన్ జోడించడం ఒక దారి, కానీ అది కొందరిలో ఆందోళనని రెచ్చగొడుతుంది కాబట్టి పానిక్ ఉన్నవాళ్ళలో ఆచితూచి వాడతారు. అంగస్తంభనకి సిల్డెనాఫిల్ పనిచేస్తుంది. గుండెనొప్పికి నైట్రేట్ మందులు వాడేవాళ్ళు దాన్ని ముట్టుకోకూడదు, రక్తపోటు ప్రమాదకరంగా పడిపోతుంది. శనాదివారాలు మాత్ర మానేసే చిట్కా పానిక్‌కి మంచిది కాదు. పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లతో రెండు రోజుల్లోనే మానేసిన బాధలు మొదలవుతాయి. ఫ్లూఆక్సెటిన్ ఒంట్లో వారాల తరబడి ఉంటుంది కాబట్టి రెండు రోజులు మానినా ఉపయోగం ఉండదు. అరుదుగా కొందరిలో మందు ఆపాక కూడా ఈ ఇబ్బంది మిగిలిపోతుందని గుర్తించి, ఆ హెచ్చరికని మందు కాగితంలో చేర్చాలని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2019లో సూచించింది. ఈ మాట మందు మొదలుపెట్టే ముందే రోగికి తెలియాలి.

దీని పక్కనే ఉండేది మనసు మొద్దుబారడం. భయం పోయింది సరే, దానితో సంతోషం, ఏడుపు కూడా పోయాయి అంటారు. ఇదీ చాలావరకు మోతాదు మీద ఆధారపడినదే, తగ్గిస్తే తగ్గుతుంది. బరువు విషయంలో పరాక్సెటిన్, మిర్టజపిన్ ఎక్కువగా పెంచుతాయి. మొదలుపెట్టిన రోజు బరువు చూసుకుని, నెలకోసారి రాసుకుంటే కిలోలు పెరిగాక ఆశ్చర్యపోనక్కర్లేదు.

ఇవి కనిపిస్తే ఆగకూడదు

ఎస్‌ఎస్‌ఆర్‌ఐ వాడుతూ ఇంకో సెరటోనిన్ పెంచే మందు కలిపితే సెరటోనిన్ సిండ్రోమ్ (ఒంట్లో సెరటోనిన్ మరీ ఎక్కువైపోవడం) రావచ్చు. నొప్పికి ఇచ్చే ట్రమడాల్, దగ్గు సిరప్పుల్లో ఉండే డెక్స్ట్రోమెథార్ఫాన్, లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్, సెయింట్ జాన్స్ వోర్ట్ అనే మూలిక ఇందులో ముఖ్యమైనవి. ఎంఏఓఐ అనే పాత రకం డిప్రెషన్ మందులకీ ఎస్‌ఎస్‌ఆర్‌ఐలకీ మధ్య 14 రోజులు ఎడం ఉండాలి, ఫ్లూఆక్సెటిన్ ఆపి ఎంఏఓఐ మొదలుపెట్టాలంటే 5 వారాలు. కొత్త మందు చేరిన, లేదా మోతాదు పెరిగిన కొన్ని గంటల్లో, సాధారణంగా 24 గంటల్లోపు లక్షణాలు మొదలవుతాయి: విపరీతమైన చెమట, వణుకు, కండరాలు, ముఖ్యంగా కాళ్ళల్లో, తమంతట తాము ఎగిరెగిరి పడటం, విరేచనాలు, జ్వరం, తికమక. పానిక్‌లోనూ చెమట, వణుకు ఉంటాయి గానీ జ్వరం, కండరాల ఎగరడం, తికమక ఉండవు. ఆ మూడింట్లో ఏది కనిపించినా తరవాతి డోసు ఆపి నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి, వేసుకున్న మందులన్నీ సంచీలో వేసుకుని వెళ్ళండి.

పెద్దవయసువాళ్ళలో రక్తంలో సోడియం పడిపోవడం ఇంకో ప్రమాదం. బీపీకి, వాపులకి మూత్రం ఎక్కువగా వచ్చే మందులు వాడే ఆడవాళ్ళలో మరీ ఎక్కువ. సాధారణంగా మొదటి కొన్ని వారాల్లోనే వస్తుంది. నీరసం, తలనొప్పి, అడుగు తడబడటం, మాటలో తికమక మొదలైతే వయసు మీద తోసెయ్యకండి, ఆ రోజే సోడియం పరీక్ష చేయించండి. 65 దాటినవాళ్ళకి మందు మొదలుపెట్టే ముందు ఒకసారి, రెండు నుంచి నాలుగు వారాలకి ఒకసారి ఈ పరీక్ష చేయించడం మంచి పద్ధతి. వెన్లాఫాక్సిన్ వాడేవాళ్ళు బీపీ చూపించుకుంటూ ఉండాలి. సిటలోప్రామ్ రోజుకి 40 మి.గ్రా., 60 ఏళ్ళు దాటినవాళ్ళకి 20 మించకూడదు, గుండె లయ చెడే ముప్పు మోతాదుతో పాటు పెరుగుతుంది.

పిల్లల్లో, 24 ఏళ్ళ లోపువాళ్ళలో మొదటి వారాల్లో, మోతాదు మార్చినప్పుడు ఆత్మహత్య ఆలోచనలు పెరగవచ్చన్న హెచ్చరికని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2004లో పిల్లలకి, 2007లో 24 ఏళ్ళ వరకు చేర్చింది. ఇంట్లోవాళ్ళు ఆ వారాల్లో దగ్గరగా ఉండాలి, మాత్రల డబ్బా తమ దగ్గర పెట్టుకోవాలి. అలాగే నిద్ర లేకపోయినా అలసట తెలియని హుషారు, ఆపకుండా మాట్లాడటం, డబ్బు విచ్చలవిడిగా ఖర్చుపెట్టడం కనిపిస్తే "మందు బాగా పట్టింది" అనుకోవద్దు. అది అతి హుషారు, కుంగుబాటు మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు వైపు తిరగడం కావచ్చు, వెంటనే డాక్టరుకి చెప్పాలి.

క్లోనజెపామ్, ఆల్ప్రజోలామ్, ప్రొప్రనోలాల్

ఎస్‌ఎస్‌ఆర్‌ఐ పట్టుకునేదాకా రెండు మూడు వారాలు కొద్ది మోతాదులో క్లోనజెపామ్ ఇవ్వడం తప్పు కాదు, తొలి గాభరా బాగా తగ్గుతుంది. చిక్కల్లా ఎప్పుడు ఆపాలో ఎవరూ చెప్పకపోవడం. చీటీ రాసిన రోజే ఆపే తేదీ కూడా అడిగి రాయించుకోండి. సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు మించకూడదు. మగత, మతిమరుపు, తూలు వీటి ప్రధాన ఇబ్బందులు. మీ మీద వాటి ప్రభావం తెలిసేదాకా బండి నడపవద్దు. పెద్దవాళ్ళు రాత్రి లేచేటప్పుడు పడి తుంటి విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది. మద్యంతో గానీ, ట్రమడాల్, కొడీన్, మార్ఫిన్ జాతి నొప్పి మందులతో గానీ కలిస్తే ఊపిరి ఆగిపోవచ్చు. ఆల్ప్రజోలామ్ వాడేటప్పుడు క్లారిథ్రోమైసిన్, కీటోకొనజోల్, ఇట్రాకొనజోల్ తోడైతే అది ఒంట్లోంచి పోక పేరుకుంటుంది.

ఆల్ప్రజోలామ్ సగం ఒంట్లోంచి పోవడానికి సుమారు 11 గంటలు, క్లోనజెపామ్‌కి 30 నుంచి 40 గంటలు. ఈ తేడా తెలియక చాలామంది మోసపోతారు. ఆల్ప్రజోలామ్ రెండు డోసుల మధ్య దిగిపోతున్నప్పుడు గుండె దడ, వణుకు వస్తాయి. దాన్ని జబ్బు తిరగబెట్టడం అనుకుని ఇంకో మాత్ర వేసుకుంటారు, మోతాదు అలా పెరుగుతూ పోతుంది. దడ ప్రతిరోజూ తరవాతి డోసుకి ముందు గంటలోనే వస్తోందంటే నోటుబుక్కే ఆ సంగతి చెప్పేస్తుంది. నెలల తరబడి వాడినవాళ్ళు వీటిని ఒక్కసారే ఆపితే ఫిట్స్ రావచ్చు, ప్రాణం మీదికి రావచ్చు. డాక్టరు పర్యవేక్షణలో, రెండు నుంచి నాలుగు వారాలకోసారి అప్పుడున్న మోతాదులో 5 నుంచి 10 శాతం చొప్పున తగ్గించుకుంటూ రావాలి.

ప్రొప్రనోలాల్ భయాన్ని తియ్యదు, గుండె దడని, చేతుల వణుకుని తగ్గిస్తుంది. ఆస్త్మా ఉన్నవాళ్ళు వాడకూడదు, శ్వాసనాళాలు బిగుసుకుంటాయి. ఇన్సులిన్ వాడే షుగర్ రోగుల్లో చక్కెర పడిపోయినప్పుడు వచ్చే దడ, వణుకు అనే హెచ్చరికల్ని ఇది కప్పేస్తుంది, చెమట మాత్రం పడుతుంది, దాన్నే గుర్తుగా పెట్టుకోవాలి. చేతులు చల్లబడటం, నీరసం, లేచి నిలబడితే కళ్ళు తిరగడం ఉంటాయి. మంచం దిగే ముందు ఒక నిమిషం కూర్చుని లేవండి. రోజూ వాడుతుంటే ఇదీ ఒక్కసారే ఆపకూడదు.

ఆందోళనకి కొందరికి ఇచ్చే ప్రెగబాలిన్‌తో తూలు, కాళ్ళ వాపు, బరువు ఎక్కువ. కిడ్నీ పనితీరు తగ్గినవాళ్ళకి మోతాదు తగ్గించాలి. బుస్పిరోన్‌ని తింటే రోజూ తిన్నాకే, పరగడుపునైతే రోజూ పరగడుపునే వేసుకోవాలి, లేకపోతే రక్తంలో స్థాయి ఒక రోజు ఒకలా ఉంటుంది.

డోసు మర్చిపోతే, మందు ఆపాలంటే

మర్చిపోయిన డోసు అదే రోజు గుర్తొస్తే వేసుకోండి. తరవాతి డోసు టైము దగ్గరపడితే వదిలెయ్యండి. రెండూ కలిపి వేసుకోకండి. గర్భం వచ్చిందని తెలియగానే భయపడి ఒక్కసారే ఆపెయ్యడం కూడా మంచిది కాదు, తల్లికి పానిక్ తిరగబెడితే దాని నష్టం దానికుంది. ఆ వారంలోనే డాక్టరుని కలిసి మాట్లాడుకోండి.

పానిక్ పూర్తిగా తగ్గాక కూడా మందు కనీసం ఆరు నెలల నుంచి ఏడాది కొనసాగిస్తారు. ఆ తరవాత దించడమే అసలు నేర్పు. మామూలు కనీస మోతాదులోనే ఈ మందులు సెరటోనిన్‌ని వెనక్కి లాక్కునే ద్వారాల్లో దాదాపు 80 శాతాన్ని మూసేస్తాయి. అందుకే 20ని 10 చేస్తే మెదడుకి పెద్ద తేడా తెలియదు, 5ని సున్నా చేస్తే చాలా తెలుస్తుంది. మెట్లన్నీ ఒకే ఎత్తనుకుని దిగుతుంటే చివరి మెట్టు నడుమెత్తు ఉన్నట్టు. కాబట్టి కిందికి వచ్చేకొద్దీ ముక్క చిన్నది కావాలి, ఆగే కాలం పెరగాలి. ఉదాహరణకి ఎస్సిటలోప్రామ్ 10 నుంచి 7.5, 5, 2.5, ఆపైన ఇంకా చిన్న మోతాదులు, ఒక్కో మెట్టు దగ్గర రెండు నుంచి నాలుగు వారాలు. 2.5 కంటే తక్కువకి మాత్ర ముక్కలు సరిగ్గా రావు, ద్రవ రూపంలో దొరికితే సిరంజితో కొలుచుకోవడం నయం. రోజు విడిచి రోజు వేసుకునే పద్ధతి పరాక్సెటిన్, వెన్లాఫాక్సిన్‌లకి పనికిరాదు. అవి ఒంట్లోంచి త్వరగా పోతాయి, మాత్ర లేని రోజు పూర్తిగా ఎండగట్టినట్టవుతుంది. ఫ్లూఆక్సెటిన్ సగం పోవడానికే నాలుగు నుంచి ఆరు రోజులు కాబట్టి అది తనంతట తానే నెమ్మదిగా దిగుతుంది.

తగ్గిస్తున్నప్పుడు దడ మొదలైతే అది మందు తగ్గడం వల్లా, జబ్బు తిరిగి రావడం వల్లా అన్నది టైము చెబుతుంది. మందు తగ్గించిన బాధలు రెండు నుంచి నాలుగు రోజుల్లో వస్తాయి, వాటితోపాటు జబ్బులో ఎప్పుడూ లేనివి కనిపిస్తాయి: తల తిప్పినప్పుడు మెదడులో కరెంటు కొట్టినట్టు జివ్వుమనడం, నేల ఊగినట్టుండటం, ఫ్లూ జ్వరంలా ఒళ్ళునొప్పులు, చిరాకు. మళ్ళీ పాత మోతాదు వేసుకుంటే ఒకటి రెండు రోజుల్లో తగ్గిపోతాయి. జబ్బు తిరగబెట్టడం సాధారణంగా వారాలు, నెలల తరవాత నెమ్మదిగా వస్తుంది, పాత ఎటాక్ తీరులోనే ఉంటుంది, కరెంటు జివ్వు ఉండదు. మొదటిదైతే డాక్టరుతో మాట్లాడి ముందటి మెట్టుకి తిరిగి వెళ్ళి, రెండు నుంచి నాలుగు వారాలు అక్కడే నిలబడి, ఈసారి అంతకు ముందు తగ్గించినదానిలో సగమే తగ్గించండి. ఏ తేదీ నుంచి ఎంత, ఏ లక్షణం వస్తే ఎక్కడికి తిరిగి వెళ్ళాలి అన్నది కాగితం మీద రాయించుకుని మాత్రల డబ్బాకి అంటించుకోండి. ఆ కాగితంలో ఉన్న వేగం మీకు ఎక్కువనిపిస్తే మొదటి మెట్టుకి ముందే చెప్పండి.